కారు సర్వీసింగ్, వారంటీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ప్రశ్నలు ఎక్కువగా వారంటీ చుట్టూనే తిరిగాయి. 'వర్క్‌షాప్ వాళ్లు కాదంటున్నారు, ఏం చేయాలి' అన్నదే చాలామంది గోడు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

*మేం డాలస్‌లో ఉంటాం. గుంటూరులో అమ్మానాన్నల కోసం పద్నాలుగు నెలల కిందట మారుతి చిన్న కారు కొన్నాం. నాన్నగారు రైతుబజారుకీ గుడికీ తప్ప బయటికి తీయరు. ఇప్పటికి తిరిగింది 3,100 కిలోమీటర్లే. రెండు ఫ్రీ సర్వీసులు చేయించారు. 'పదివేల కిలోమీటర్లు ఎక్కడయ్యాయి' అని మూడోది వదిలేశారు. ఇప్పుడు వర్క్‌షాప్‌లో వారంటీ పోయినట్టే అంటున్నారు. నిజమేనా?*

సర్వీసు పుస్తకంలో కిలోమీటర్ల పక్కనే నెలలు కూడా రాసి ఉంటాయి. రెండింటిలో ఏది ముందొస్తే అదే గడువు. మారుతి కార్లకు ఫ్రీ సర్వీసులు 1,000 కి.మీ. లేదా నెల, 5,000 లేదా ఆరు నెలలు, 10,000 లేదా ఏడాది. అంటే మీ మూడో సర్వీసు గడువు రెండు నెలల కిందటే దాటింది. తక్కువ తిరిగే కార్ల యజమానులు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే.

బండి తిరగనప్పుడు ఆయిల్ ఎందుకు పాడవుతుందని మీరు అడగొచ్చు. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత, మండకుండా మిగిలిన పెట్రోలు కొంత ఇంజన్ ఆయిల్లోకి దిగుతాయి. ఇంజన్ బాగా వేడెక్కి అరగంట తిరిగితే అవి ఆవిరైపోతాయి. రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే ఆయిల్లోనే ఉండిపోతాయి. ఆయిల్ మూత లోపలివైపు మీగడలాంటి తెల్లటి జిగురు కనిపిస్తే అది ఆ తేమే. కాబట్టి రైతుబజారు దాకా మాత్రమే వెళ్లే కారుకు ఏడాదికోసారి ఆయిల్ మార్పు హైవే కారుకన్నా ఎక్కువ అవసరం.

ఈ వారంలోనే సర్వీసు చేయించండి. ఇక వారంటీ సంగతి. 2024 జులై 9 నుంచి డెలివరీ అయిన మారుతి కార్లకు వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. అంతకు ముందువాటికి రెండేళ్లు లేదా 40,000. ఒక సర్వీసు ఆలస్యమైతే మొత్తం వారంటీ పోయిందని కౌంటర్లో నోటిమాటగా అనడం వేరు, రాతపూర్వకంగా చెప్పడం వేరు. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ రాసి, ఛాసిస్ నంబరు ఇచ్చి, వారంటీ అమల్లో ఉందో లేదో రాతలో అడగండి. ఆయిల్ మార్చకపోవడానికీ పవర్ విండో మోటారు చెడిపోవడానికీ సంబంధం లేదు. అలాంటి క్లెయిమ్ తోసిపుచ్చితే గట్టిగా వాదించవచ్చు. రేపు ఇంజన్ లోపలి క్రాంక్ బేరింగో క్యామ్ షాఫ్టో అరిగిందంటే మాత్రం ఆ రెండు నెలల ఖాళీని తప్పకుండా ఎత్తిచూపుతారు.

నాన్నగారికి చెప్పాల్సింది: వారానికోసారి అరగంట మంగళగిరి వైపు హైవే మీద తిప్పమనండి. ఇంటి ముందు నిలబెట్టి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం వల్ల మేలు లేదు. బ్యాటరీ సరిగా ఛార్జి కాదు, ఆయిల్లో తేమ ఇంకా పెరుగుతుంది. నెలల తరబడి ఆపేటట్టయితే హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరులో పెట్టి, చక్రానికి ఇటుక అడ్డం పెట్టాలి. లేకపోతే వానాకాలంలో వెనక బ్రేకులు పట్టేస్తాయి.

*మూడో ఫ్రీ సర్వీసుకిస్తే 5,900 బిల్లు వేశారు. ఇందులో ఫ్రీ ఏముంది? – వరంగల్*

ఫ్రీ అన్నది లేబర్ వరకే. ఆయిల్, ఫిల్టర్లు, వాషర్లకు డబ్బు కట్టాల్సిందే. మీరు పంపిన బిల్లు ఫొటోలో న్యాయమైనవి ఇంజన్ ఆయిల్ (చిన్న పెట్రోలు ఇంజన్లకు మూడు లీటర్లు అటూ ఇటూ పడుతుంది), ఆయిల్ ఫిల్టరు, డ్రెయిన్ ప్లగ్ వాషరు. కొన్ని రూపాయల విలువ చేసే ఆ వాషరును బిల్లులో చూసి సంతోషించండి. పాతదాన్నే మళ్లీ బిగిస్తే అక్కడి నుంచే చుక్క చుక్కగా కారుతుంది.

మిగతా సగం బిల్లు అనవసరం. ఇంజన్ ఫ్లష్, ఇంజక్టర్ క్లీనర్, ఏసీ డిసిన్ఫెక్టెంట్, సైలెన్సర్ కోటింగ్, డ్యాష్‌బోర్డు పాలిష్, ఎలుకల స్ప్రే ఏడాది కారుకు ఎందుకు? వీటిలో ఏదీ చేయించకపోయినా వారంటీ పోదు. 'ఇది చేయించకపోతే వారంటీ రాదు సార్' అంటే, ఓనర్స్ మాన్యువల్లోని మెయింటెనెన్స్ పట్టికలో అది ఎక్కడుందో చూపించమనండి. పట్టికలో లేనిదానికి వద్దని చెప్పండి. జాబ్ కార్డు (చేయాల్సిన పనులు వర్క్‌షాప్ రాసుకునే పత్రం) మీద సంతకం పెట్టే ముందే 'పట్టికలో ఉన్నవే చేయాలి, అదనపు పనికి ఫోన్లో అనుమతి తీసుకోవాలి' అని రాయించండి. పని అయ్యాక గొడవపడితే ఫలితం ఉండదు.

అలాగని అన్నిటికీ వద్దనకండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి, లేదా మీ మాన్యువల్ చెప్పినప్పుడు మార్చితీరాలి. అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. తిరుమల ఘాట్ దిగుతూ కాలు బ్రేకు మీదే ఉంచితే లోపల ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. దాని ముందు డ్యాష్‌బోర్డు పాలిష్ ఏపాటి?

ఏసీ గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టరు చాలా కార్లలో గ్లోవ్‌బాక్స్ వెనకే ఉంటుంది. రెండు క్లిప్పులు నొక్కితే వస్తుంది. మార్చాలని చెప్పినప్పుడు తీసి చూపించమనండి. బూడిదరంగులో ఉండి ఆకులూ దుమ్మూ ఇరుక్కుపోయి ఉంటే మార్పించండి. తెల్లగా ఉంటే దులిపి పెట్టమనండి.

ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ఎస్టిమేట్లతో పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

బండి తీసుకునేటప్పుడు వర్క్‌షాప్ గేటు దాటకముందే డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూడండి. బండి సమతలం మీద ఉండాలి, ఇంజన్ ఆపి అయిదు నిమిషాలు గడవాలి. స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య, పై గుర్తుకు దగ్గరగా ఉండాలి. పై గుర్తు దాటి ఉంటే ఎక్కువ పోశారన్నమాట. క్రాంక్ ఆయిల్ని చిలికి నురగ చేస్తుంది, సీళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. తీసేయమని అక్కడే అడగండి. పెట్రోలు ఇంజన్లో ఆయిల్ కొత్తదో కాదో రంగు చూస్తే తెలిసిపోతుంది. డీజిల్లో ఒక్కసారి స్టార్ట్ చేస్తేనే కొత్త ఆయిల్ కూడా నల్లబడుతుంది, కంగారు పడకండి.

*కంపెనీ వర్క్‌షాప్ ఖమ్మంలో ఉంది. పోనూ రానూ ఒక రోజంతా పడుతుంది. ఊళ్లో నమ్మకమైన మెకానిక్ ఉన్నాడు. ఆయన దగ్గర చేయిస్తే వారంటీ పోతుందా? – భద్రాచలం*

2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు బయట దొరక్కుండా చేస్తున్నారన్నది ప్రధాన ఆరోపణ. బయట రిపేరు చేయించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు చేయకూడదని, బయటి పని వల్ల పాడైన భాగం వరకే కాదనవచ్చని ఆ ఉత్తర్వులో చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. వారంటీ పుస్తకాల్లో మాత్రం 'అధీకృత వర్క్‌షాప్‌లోనే సర్వీసు' అన్న మాట ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.

మా సలహా ఇది. వారంటీ ఉన్నంతకాలం ఏడాదికోసారి వచ్చే సర్వీసు ఖమ్మంలోనే చేయించండి. వారం ముందే ఫోన్ చేసి పొద్దున మొదటి స్లాటు అడిగితే మధ్యాహ్నానికి బయటపడతారు. కొన్ని కంపెనీలు మొబైల్ సర్వీసు వ్యాన్లు పంపుతాయి. ఆ వ్యాను మీ వైపు ఎప్పుడొస్తుందో కనుక్కోండి. పంక్చరు, వైపర్ బ్లేడ్లు, బల్బులు, బ్రేక్ ప్యాడ్ల వంటివి మీ మెకానిక్ దగ్గర చేయించుకుంటే నష్టం లేదు. అవి ఎలాగూ అరుగుదల సామాన్ల కిందికి వస్తాయి, వాటిని వారంటీ సాధారణంగా ముట్టుకోదు.

తప్పనిసరై ఊళ్లోనే ఆయిల్ మార్చాల్సి వస్తే గ్రేడు మాన్యువల్లో ఉన్నదే పోయించండి. 0డబ్ల్యూ-16 అని రాసిన ఇంజన్లో చిక్కటి 20డబ్ల్యూ-40 పోస్తే చల్లగా ఉన్నప్పుడు పైభాగాలకు ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. సీల్డ్ డబ్బా, కంపెనీ ఆయిల్ ఫిల్టరు, జీఎస్టీ బిల్లు ఉండాలి. బిల్లు మీద బండి నంబరు, తేదీ, ఓడోమీటర్ రీడింగ్ మూడూ రాయించండి. రీడింగ్ లేని బిల్లు వారంటీ దగ్గర పనికిరాదు.

*బీఎస్-6 డీజిల్ ఎస్‌యూవీ. రోజూ మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లొస్తాను. డీపీఎఫ్ లైటు వెలుగుతోంది. వర్క్‌షాప్‌లో 'ఇది మీ డ్రైవింగ్ వల్ల, వారంటీ వర్తించదు' అన్నారు. – హైదరాబాద్*

డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టుకునే వడపోత. పట్టుకున్న మసిని అప్పుడప్పుడూ తానే కాల్చుకుంటుంది. అందుకు సైలెన్సరు వైపు వేడి దాదాపు 600 డిగ్రీలకు చేరాలి. కంప్యూటరే అదనంగా డీజిల్ చిమ్మి ఆ వేడి పుట్టిస్తుంది. ఈ పని పూర్తవడానికి పదిహేను, ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. మీ ట్రాఫిక్‌లో అది మొదలయ్యేలోపే ఆఫీసు వచ్చేస్తుంది, కీ తిప్పి ఆపేస్తారు. మర్నాడు మళ్లీ మొదటికి. సగంలో ఆగిన ప్రతిసారీ చిమ్మిన డీజిల్లో కొంత సిలిండర్ గోడల వెంట దిగి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంటే సంబరపడకండి. ఆయిల్ పలచబడుతోందన్నమాట, అది టర్బోకు ముప్పు.

లైటు నిలకడగా వెలుగుతుంటే ఆదివారం పొద్దున ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కండి. ట్యాంకులో డీజిల్ పావు వంతుకన్నా ఎక్కువ ఉండాలి. గంటకు 60 నుంచి 80 కి.మీ. వేగంతో, ఇంజన్ 2,000 ఆర్‌పీఎం పైన ఉండేలా ఒక గేరు తగ్గించి, లైటు ఆరేదాకా నడపండి. మామూలుగా ఇరవై, ముప్పై నిమిషాల్లో ఆరుతుంది. ఆరాక ఆయిల్ మట్టం చూసుకోండి, పై గుర్తు దాటితే ఆయిల్ మార్పించాలి. లైటు మినుకుమినుకుమంటున్నా, చెక్ ఇంజన్ లైటు తోడైనా ఈ ప్రయత్నం వద్దు. వర్క్‌షాప్‌లో స్కానర్ పెట్టి మసిని కాల్పించాలి. దానికి డబ్బు తీసుకోవడం తప్పు కాదు.

కానీ 'మీ డ్రైవింగే' అన్న మాటను ఉన్నదున్నట్టుగా ఒప్పుకోనక్కర్లేదు. స్కానర్ చూపిన ఫాల్ట్ కోడ్ల ప్రింటవుట్ అడగండి. డీపీఎఫ్ రెండువైపులా ఒత్తిడి తేడా కొలిచే సెన్సరు, వేడి సెన్సరు, పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు, ఇంజక్టరు... వీటిలో దేనికి లోపమున్నా మసి తొందరగా నిండుతుంది. అప్పుడది విడిభాగం లోపం, వారంటీ కిందికే వస్తుంది. హైవే మీద నడిపినా నాలుగు రోజులకే లైటు మళ్లీ వస్తుంటే ఇదే అనుమానించాలి. గత సర్వీసు బిల్లులో ఆయిల్ గ్రేడు కూడా చూడండి. డీపీఎఫ్ ఉన్న ఇంజన్‌కు బూడిద తక్కువ వదిలే ఆయిల్, ఏసీఈఏ (యూరప్ ప్రమాణాలు) సీ2, సీ3 లాంటివి, మాన్యువల్ చెప్పినదే కావాలి. మసి కాలిపోతుంది గానీ ఆయిల్ వదిలే బూడిద కాలదు, వడపోతలోనే పేరుకుపోతుంది.

'డీపీఎఫ్ పీకేసి కంప్యూటర్ రీమ్యాప్ చేస్తాం' అనే షాపుల జోలికి వెళ్లకండి. వారంటీ పోతుంది, కాలుష్య నిబంధనల ఉల్లంఘన కూడా. రోజూ ఇలాంటి చిన్న సిటీ ప్రయాణానికి డీజిల్ కొనడమే అసలు తప్పు అని చెబితే మీకు కోపం రావచ్చు గానీ, కొత్తగా కొనబోయేవారైనా ఆలోచించుకోవాలి.

*టైరు పక్కన బుడగ వచ్చింది. షోరూమ్ వాళ్లు మాకు సంబంధం లేదంటున్నారు. – కర్నూలు*

నిజమే. టైర్లకూ బ్యాటరీకీ వాటిని తయారుచేసిన కంపెనీలే వారంటీ ఇస్తాయి. టైరు కంపెనీ డీలరు దగ్గరికి కారు ఇన్‌వాయిస్ కాపీతో వెళ్లండి. గుంతలో పడి లోపలి దారాలు తెగితే కూడా బుడగ వస్తుంది. దాన్ని తయారీ లోపంగా ఒప్పుకోరు. ఎలా తేలినా ఆ టైరుతో హైవే ఎక్కకండి, స్టెప్నీ వేసుకోండి. టైరు అంచు మీది నాలుగంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని.

*ఎల్‌ఈడీ లైట్లు, మ్యూజిక్ సిస్టమ్ బయట పెట్టించాను. ఆరు నెలలకు బ్యాటరీ రాత్రికి రాత్రే దిగిపోతోంది, ఫ్యూజు పోతోంది. వారంటీ వర్తించదన్నారు. – రాజమహేంద్రవరం*

కంపెనీ వైరును కోసి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటే వాళ్ల వాదనే నెగ్గుతుంది. వైరు కోయకుండా కప్లర్‌తో బిగించి, లైట్లకు విడిగా రిలే, ఫ్యూజు పెట్టి ఉంటే మీకు అవకాశముంది. ముందు ఒక చిన్న పరీక్ష చేయించండి. బండి ఆపి, తలుపులు లాక్ చేసి, గంట తర్వాత బ్యాటరీ నెగెటివ్ వైరు దగ్గర మల్టీమీటరుతో కరెంటు కొలవాలి. సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ పోవాలి. ఏది తీస్తే కరెంటు పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. మీరు పెట్టించిన సామాను విప్పేశాక కూడా కరెంటు పోతూనే ఉంటే లోపం కంపెనీదే, అప్పుడు క్లెయిమ్ నిలబడుతుంది.

వర్క్‌షాప్ వాళ్లు క్లెయిమ్ కాదంటే కారణం జాబ్ కార్డు మీదే రాసివ్వమనండి. రాతలో లేని తిరస్కరణ మీద ఫిర్యాదు నడపడం కష్టం. ఆపై కంపెనీ ప్రాంతీయ కార్యాలయానికి ఈమెయిల్, అక్కడా కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు. చివరికి జిల్లా వినియోగదారుల కమిషన్. కారుకు చెల్లించిన ధర 50 లక్షలు మించకపోతే జిల్లాలోనే కేసు వేయవచ్చు, అదీ మీరుండే జిల్లాలోనే. గడువు కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. ఫీజు 5 లక్షల దాకా లేదు, 5 నుంచి 10 లక్షలకు రూ.200, 20 లక్షల దాకా రూ.400, 50 లక్షల దాకా రూ.1,000.

ఇక్కడ అందరికీ పనికొచ్చే మాట ఒకటి. జాబ్ కార్డు మీద 'ఏసీ చెక్' అని రాయనివ్వకండి. 'ఎండలో సిగ్నల్ దగ్గర ఆగితే చల్లదనం పోతోంది, బండి కదిలితే వస్తోంది' అని పూర్తిగా రాయించండి. మెకానిక్‌కు నేరుగా కూలింగ్ ఫ్యాను వైపు దారి దొరుకుతుంది. ఇబ్బంది వారంటీలో ఉండగానే మొదటిసారి చెప్పారనడానికి తేదీతో సహా ఆధారమూ మిగులుతుంది. గడువు ముగిసిన నెలకు అదే ఫ్యాను పూర్తిగా ఆగిపోతే ఈ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

*ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమంటారా? – నిజామాబాద్*

టర్బో, ఆటోమేటిక్ గేరుబాక్స్, డీజిల్ ఇంజక్టర్లు, సన్‌రూఫ్ ఉన్న కారైతే తీసుకోండి. ఏడాదికి అయిదారు వేల కిలోమీటర్లు తిరిగే మామూలు పెట్రోలు మాన్యువల్ కారుకైతే అంత అవసరం కనిపించదు. తీసుకుంటే కారు కంపెనీదే తీసుకోవాలి. డీలరు వేరే సంస్థది అంటగట్టవచ్చు, పత్రం మీద పేరు చూడండి. అసలు వారంటీ ముగియకముందే కొనాలి, ఆలస్యమయ్యేకొద్దీ ధర పెరుగుతుంది. ఒక్క సర్వీసు తప్పినా దీన్ని కాదనడం వాళ్లకు సులువు.

*2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా పక్కింటివాళ్ల కారు మునిగింది. నీళ్లు తీశాక స్టార్ట్ చేశారు, ఇంజన్ పోయింది. వారంటీ లేదు, ఇన్సూరెన్సూ రాలేదు. మళ్లీ అలా జరిగితే ఏం చేయాలి? – సింగ్ నగర్, విజయవాడ*

వరద తయారీ లోపం కాదు కాబట్టి వారంటీకి సంబంధం లేదు. సమగ్ర బీమా వరద నష్టాన్ని భరిస్తుంది. కానీ నీళ్లున్న ఇంజన్ని స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టాన్ని విడిగా చూస్తుంది, దానికి ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ (పాలసీకి అదనంగా తీసుకునే కవర్) ఉండాలి. గాలిలా నీళ్లు అణగవు. పిస్టన్ పైకొచ్చి నీళ్లకు గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

నీళ్లు తగ్గాక కీ పెట్టకండి, ఇగ్నిషన్ కూడా ఆన్ చేయకండి. బ్యాటరీ నెగెటివ్ విప్పండి. లోపల నీళ్లు ఎంత మేర వచ్చాయో సీట్ల మీది చార కనిపించేలా ఫొటోలు తీసి బీమా కంపెనీకి చెప్పండి. ఫ్లాట్‌బెడ్ లారీ మీదే తరలించాలి. వర్క్‌షాప్‌లో స్పార్క్ ప్లగ్‌లు తీసి, ఇంజన్ని చేత్తో తిప్పి నీళ్లు వెళ్లగొట్టి, ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయాలి. ఎలక్ట్రిక్ కారైతే నారింజ రంగు కేబుళ్లను ముట్టుకోకండి.

*ఎలక్ట్రిక్ కారుకు సర్వీసింగ్ ఏముంటుంది? – విశాఖపట్నం*

తక్కువే, కానీ ఉంది. బ్యాటరీ కూలెంట్, బ్రేక్ ఆయిల్, క్యాబిన్ ఫిల్టరు, గేర్ ఆయిల్, 12 వోల్టుల చిన్న బ్యాటరీ, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు. చాలా ఈవీలకు పెద్ద బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ. ఉంటుంది. ఏడాదికోసారి బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతమో రిపోర్టు తీసి పెట్టుకోండి. కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోయకూడదు, పెట్రోలు కార్లకైనా ఇదే మాట.

*రెండేళ్లు వాడిన కారు కొంటున్నా. వారంటీ నాకు వస్తుందా? – నెల్లూరు*

చాలా కంపెనీల్లో వారంటీ కారు వెంటే వస్తుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ అయితే పేరు మార్పించుకోవాలి. అడ్వాన్సు ఇచ్చేముందు ఛాసిస్ నంబరు పట్టుకుని అధీకృత వర్క్‌షాప్‌కు వెళ్లి, సర్వీసు చరిత్ర తీయించండి. తేదీలు, రీడింగులు వరసగా పెరుగుతూ ఉండాలి. మధ్యలో రీడింగ్ తగ్గితే మీటరు తిప్పారన్నమాట, బేరం వదిలేయండి.